గార్లిక్‌లో దాగిన ఉల్లి: పాత ఇంగ్లిష్ మాటల చుట్టరికం తేల్చడం ఎలా?

గార్లిక్ చివర ఉన్న లిక్, హెమ్‌లాక్ చివర ఉన్న లాక్ ఒకటేనా? పెళ్లి అనే అర్థమున్న వెడ్‌లాక్‌లోని లాక్‌కూ తాళానికీ సంబంధం ఉందా? లీక్ అనే కాడల ఉల్లికీ, లీచ్ అనే జలగకూ ఏమైనా చుట్టరికమా? ఇంగ్లిష్ మాటల పుట్టుక మీద ఆసక్తి ఉన్నవాళ్లంతా ఏదో ఒక రూపంలో అడిగే ప్రశ్న ఇదే: రెండు మాటల్లో ఒకే ముక్క కనిపిస్తే అవి ఒకే ఇంటివా, కావా? ఒక్కో మాటకు జవాబు చెప్పుకుంటూ పోతే తెమలదు. మీరే కూర్చుని తేల్చుకునే పద్ధతి కింద ఉంది. మొత్తం ఒకే కుటుంబం మీద చేసి చూద్దాం. పాత ఇంగ్లిష్‌లో 'లేఅక్' అనే ముక్కతో కట్టిన మాటల కుటుంబం అది. ఉల్లి జాతి మొక్కకు ఆ భాషలో ఉన్న పేరు లేఅక్.

ఈ కుటుంబాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మన వంటింట్లోనే దీనికి జోడీ దొరుకుతుంది. నీరుల్లి, వెల్లుల్లి: రెండింటి చివరా ఉల్లి. వెల్ల అంటే తెలుపు, కాబట్టి వెల్లుల్లి అంటే తెల్ల ఉల్లి. తెలంగాణలో అదే ఎల్లిగడ్డ. అందులో ఉల్లి కంటికి కనిపించదు, వెల్లుల్లి అరిగి అరిగి 'ఎల్లి' దగ్గర ఆగింది. మరోపక్క తల్లి, పల్లి, మల్లి మాటల చివర 'ల్లి' ఉన్నా వాటిని ఉల్లి కుటుంబంలో ఎవరూ కలపరు. కనిపించకపోయినా ఉండొచ్చు, కనిపించినా కాకపోవచ్చు. పాత ఇంగ్లిష్‌తో చేయాల్సిన పని అంతా ఈ రెండు సంగతుల చుట్టూనే తిరుగుతుంది.

ఏమేం కావాలి

పాత ఇంగ్లిష్ నిఘంటువు ఒకటి. బాస్వర్త్–టాలర్ ఆంగ్లో–శాక్సన్ నిఘంటువు నెట్‌లో ఉచితంగా ఉంది. ప్రధాన సంపుటం 1898లో పూర్తయింది, అనుబంధం 1921లో వచ్చింది. రెండూ చూడాలి. అనుబంధంలో దిద్దుబాట్లు ఉంటాయి, చాలామంది అక్కడే తప్పిపోతారు. టొరంటోలో తయారవుతున్న పాత ఇంగ్లిష్ నిఘంటువు ఇంకా నమ్మకమైనది. అయితే అది అక్షర క్రమంలో మొదటి నుంచి సాగుతోంది, ఇంకా పూర్తి కాలేదు. జీ అక్షరం అయిపోయింది కనుక గార్లిక్ పాత రూపం అందులో దొరుకుతుంది.

మధ్య ఇంగ్లిష్‌కు మిషిగన్ విశ్వవిద్యాలయం వారి నిఘంటువు (ఇదీ ఉచితమే), ఆధునిక రూపాలకు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు కావాలి. ఆక్స్‌ఫర్డ్‌కు చందా కట్టలేకపోతే యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. అదీ కుదరకపోతే నెట్‌లో ఉచితంగా దొరికే వ్యుత్పత్తి నిఘంటువుతో మొదలుపెట్టవచ్చు. కానీ దానిమీదే తీర్పు ఇవ్వకండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి మాటకూ ఒక పేజీ. పేజీలో ఆరు గళ్లు: ఇప్పటి రూపం, దొరికిన అతి పాత రూపం, దాని కాలం, మొదటి ముక్క, రెండో ముక్క, తీర్పు. తీర్పు గడిలో మూడే మాటలు రాయాలి: ఖాయం, సందేహం, కాదు.

కాలాల లెక్క ఇంత గుర్తుంటే చాలు: పాత ఇంగ్లిష్ సుమారు 450 నుంచి 1100 దాకా, మధ్య ఇంగ్లిష్ అక్కడి నుంచి సుమారు 1500 దాకా. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచ్ మాటలు వరదలా వచ్చాయి. ఆ వరదలో వచ్చిన మాటకు పాత ఇంగ్లిష్ ముక్కను అంటగట్టడమే అన్నిటికన్నా మామూలు పొరపాటు.

1. ముందు మాటను దాని అతి పాత రూపం దాకా వెనక్కి నడిపించండి

ఇప్పటి స్పెల్లింగ్ చూసి ఏమీ అనుకోవద్దు. గార్లిక్‌ను వెతికితే మధ్య ఇంగ్లిష్‌లో 'గార్లెక్', పాత ఇంగ్లిష్‌లో 'గార్‌లేఅక్' దొరుకుతుంది. నోట్‌బుక్‌లో రాసుకోవాల్సింది ఈ చివరిదే.

వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. దీర్ఘం చూపడానికి కొన్ని నిఘంటువులు అచ్చు మీద అడ్డగీత పెడతాయి, బాస్వర్త్–టాలర్ ఏటవాలు గీత పెడుతుంది. ఇవి సంపాదకులు పెట్టిన గుర్తులు, రాతప్రతుల్లో ఒక పద్ధతిగా ఉండవు. కాబట్టి గీతలు లేకుండానే టైప్ చేయండి: ఎల్, ఈ, ఏ, సీ. నిఘంటువులో మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే అది ఎక్కడా రాసి దొరికిన మాట కాదు, పండితులు లెక్కగట్టి కట్టిన రూపం. దాన్ని సాక్ష్యంగా రాసుకోకండి.

2. సరైన చోట కోయండి

గార్‌లేఅక్‌ను గార్, లేఅక్ అని కోయాలి. గార్ అంటే ఈటె. పాత ఇంగ్లిష్ కావ్యం బేవుల్ఫ్ మొదటి పాదంలోనే డేన్ జాతివారిని 'ఈటెల డేన్‌లు' అంటూ ఈ గార్‌నే వాడారు. లేఅక్ అంటే ఉల్లి జాతి మొక్క. ఈటె ఉల్లి అన్నమాట. ఒక వెల్లుల్లి రెబ్బ ఒలిచి పక్కకు తిప్పి చూడండి: ఒక పక్క ఉబ్బు, ఇంకో పక్క పలక, కొస సూది. ఈటె మొన ఎందుకు గుర్తొచ్చిందో అర్థమవుతుంది.

కోత సరిగ్గా పడిందో లేదో చెప్పే పరీక్ష ఒకటే: రెండు ముక్కలూ విడిగా కూడా నిఘంటువులో మాటలుగా నిలబడాలి. ఒక్క ముక్కే నిలబడితే తీర్పు గడిలో 'సందేహం' అని రాసి ముందుకు పొండి. పాత ఇంగ్లిష్ సమాసంలో అసలు వస్తువు చివరి ముక్కలో ఉంటుంది, ముందు ముక్క దాన్ని వర్ణిస్తుంది. మన వెల్లుల్లిలాగే. కాబట్టి గార్‌లేఅక్ ఒక రకం లేఅక్, ఒక రకం ఈటె కాదు.

3. ముక్క వేసిన వేషాలన్నీ రాసుకోండి

లేఅక్ ఒకే స్పెల్లింగ్‌తో కూర్చోదు. ఆంగ్లియన్‌లో, అంటే ఇంగ్లండ్ ఉత్తర, మధ్య భాగాల మాండలికంలో, అది 'లేక్'. మధ్య ఇంగ్లిష్‌లో 'లెక్', 'లేక్'. టీ అక్షరం ముందు వస్తే చివరి క్ కాస్తా హ్‌గా మారి 'లేఅహ్', 'లేహ్' అవుతుంది. ఈ చివరి వేషం తెలియకపోతే ఊరి పేర్లన్నీ చేజారతాయి.

పాత ఇంగ్లిష్‌లో 'లేఅక్‌తూన్' అంటే ఉల్లి ఆవరణ, వాడుకలో కూరగాయల పెరడు. ఈ తూనే ఇప్పటి టౌన్. దీన్నుంచే లేటన్ అనే ఊరి పేరు వచ్చింది, బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని లేటన్ బజర్డ్ అలాంటిదే. లెక్‌హామ్‌స్టెడ్‌లో టీ అడ్డు రాలేదు కాబట్టి క్ క్షేమంగా ఉంది. ఊరి పేర్ల కోసం నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారి ఇంగ్లండ్ స్థలనామాల సూచిక నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. 1086లో నార్మన్ రాజు చేయించిన భూముల లెక్క, డూమ్స్‌డే సర్వేలోని రూపంతో ఆగిపోవద్దు. ఆ సర్వేలో పేర్లు రాసిన గుమాస్తాలకు ఇంగ్లిష్ ధ్వనులు పరాయివి, హ్ లాంటివాటిని తోచినట్టు రాశారు. అంతకు ముందరి దానపత్రాల్లో రూపం ఉంటే దానికే విలువ ఎక్కువ.

4. కుటుంబాన్ని పోగు చేయండి

బాస్వర్త్–టాలర్‌లో లేఅక్ కింద మొత్తం చదివి చివరిదాకా వెళ్లండి. ఆ ముక్కతో ముగిసే సమాసాల మొదటి ముక్కలు అక్కడ వరుసగా ఉంటాయి. ఒక్కోదాన్నీ విడిగా తెరిచి చూడాలి. మీకు దొరికేవాటిలో కొన్ని:

గార్‌లేఅక్: వెల్లుల్లి.
ఇన్నెలేఅక్: ఉల్లిగడ్డ. ముందు ముక్క లాటిన్ 'యూనియో' నుంచి వచ్చింది.
పోర్‌లేఅక్: కాడల ఉల్లి. ముందు ముక్క లాటిన్ 'పోర్రుమ్', దానికీ అదే అర్థం.
కీపెలేఅక్: ముందు ముక్క లాటిన్ 'కేపా', అంటే ఉల్లి.
క్రోప్‌లేఅక్: క్రోప్ అంటే మొక్క తల, గుత్తి.
లేఅక్‌తూన్: పెరడు. ఇందులో లేఅక్ ముందుకొచ్చింది కాబట్టి 'చివరి ముక్కలు' మాత్రమే వెతికేవారికి దొరకదు.

పోర్‌లేఅక్, కీపెలేఅక్ చూసి అర్థం రెండుసార్లు చెప్పారేమిటి అనిపించవచ్చు. పరాయి మాట వచ్చినప్పుడు దాని పక్కన సొంత మాట తగిలించి అర్థం స్థిరపరచుకోవడం భాషలకు అలవాటు. మనం గేటు తలుపు, నడి సెంటర్ అనట్లేదా? దీన్ని తప్పుగా లెక్కేసి పేజీ కొట్టేయకండి.

5. ధ్వని లెక్క సరిచూడండి

నూటికి ఎనభై పొరపాట్లు ఈ మెట్టు దాటేయడం వల్లే అనిపిస్తుంది, కాబట్టి ఇక్కడ తొందర వద్దు. లేఅక్‌లో ఉన్న జంట అచ్చు మామూలుగా ఇప్పటి ఇంగ్లిష్‌లో ఈ, ఏ అక్షరాల జంటగా మిగులుతుంది: ఆకు అనే అర్థంలో లీఫ్, దూలం అనే అర్థంలో బీమ్ అలా వచ్చినవే. మరి కాడల ఉల్లి అయిన లీక్‌ను రెండు ఈలతో ఎందుకు రాస్తారు? ఆంగ్లియన్ మాండలికంలో క్ ధ్వని ముందు ఆ జంట అచ్చు సన్నబడి దీర్ఘ 'ఏ' అయింది, ఇప్పటి రూపం ఆ దారిన వచ్చింది. చెంప అనే అర్థంలో చీక్‌దీ ఇదే దారి. లెక్క కుదిరింది.

గార్లిక్‌లో 'లిక్' ఎలా అయింది? మాట బలమంతా మొదటి అక్షరం మీద పడింది, చివరి ముక్క బలహీనపడి అచ్చు కుదించుకుపోయింది. ఎల్లిగడ్డలో ఉల్లికి జరిగింది గుర్తుందిగా.

ఇంకొకటి, గార్ ముక్క మీద కూడా ఇదే పరీక్ష. దీర్ఘ 'ఆ' విడిగా ఉన్నప్పుడు తర్వాతి కాలంలో 'ఓ' వైపు జరిగింది: స్తాన్ అనే రాయి స్టోన్ అయింది. సమాసంలో రెండు హల్లులు పక్కపక్కన పడితే ముందే హ్రస్వమై 'అ'గానే నిలిచింది: స్టాన్‌ఫర్డ్ అనే ఊరి పేరులో ఉన్నది ఆ రాయే. అందుకే గార్లిక్‌లో 'గార్' నిలిచింది, బట్టలో వేసే ముక్కోణపు పట్టీ మాత్రం గోర్ అయింది. ఆ పట్టీ పాత పేరు 'గారా', ఈటె మొన ఆకారం వల్ల వచ్చిన పేరు.

6. వేషగాళ్లను బయటికి పంపండి

ఇప్పుడు మీ జాబితాలో పోలికతో దూరిన మాటలన్నీ ఒక్కొక్కటిగా తీయాలి. తరచుగా దూరేవి ఇవి.

లీచ్. పాత రూపం 'లాచె' లాంటిది, వైద్యుడికీ జలగకూ అదే మాట. చివరి ధ్వని చ్, లేఅక్‌లో క్. సన్నని అచ్చుల పక్కన ఉన్న క్ పాత ఇంగ్లిష్‌లోనే చ్ అయింది, లేఅక్‌లో కాలేదు. తీర్పు: కాదు.

విశేషణాల చివర వచ్చే లీ. ఫ్రెండ్లీ పాత రూపంలో చివర 'లీక్' అనే ముక్క ఉంది, దాని మూలార్థం శరీరం, ఆకారం. గార్లిక్ చివరి లిక్‌తో కలిపేయాలని చెయ్యి లాగుతుంది. కాదు.

హెమ్‌లాక్. విషపు మొక్క. పాత రూపాలు 'హిమ్లిచె', 'హెమ్లిక్'. మొక్కే, చివర లిక్ కూడా ఉంది, అయినా లేఅక్ రూపం ఏ పాత రాతలోనూ లేదు. ఈ మాట మూలం ఇప్పటికీ తేలలేదు. ఆవ జాతి కలుపు మొక్క చార్‌లాక్ కూడా అంతే, పాత రూపం 'చెర్లిక్' లాంటిది.

వెడ్‌లాక్. వెడ్ అంటే ప్రమాణం, పందెపు కుదువ. వెనకది 'లాక్' అనే ప్రత్యయం, ఒక పనిని సూచిస్తుంది. తాళంతో సంబంధం లేదు, ఉల్లితో అసలే లేదు.

వార్‌లాక్. పాత రూపం 'వార్‌లొగ'. ఒప్పందం, అబద్ధీకుడు అనే రెండు ముక్కలు, అంటే మాట తప్పినవాడు. మంత్రగాడు అన్న అర్థం తర్వాత వచ్చింది.

ప్యాడ్‌లాక్. ఇందులో మాత్రం లాక్ నిజంగా తాళమే.

ఒకే 'లాక్' చప్పుడు వెనక ఎన్ని వేర్వేరు మాటలున్నాయో చూడండి. స్పెల్లింగ్ మీద ఆధారపడి జాబితా కట్టినవాళ్లు వీటన్నిటినీ ఒకే చాప కింద చేరుస్తారు.

ఊరి పేర్లలో ఇంకో వేషగాడు ఉన్నాడు: 'లేఅహ్', అడవిలో చదును చేసిన జాగా. స్టాన్లీ లాంటి పేర్ల చివర ఉన్నది అదే. లేఅక్ టీ ముందు వేసే వేషమూ లేఅహ్ కాబట్టి ఇక్కడ ఊరు ఊరుకూ పాత రూపాలు విడిగా చూడాల్సిందే. అలవాటు మీద తీర్పు చెప్పకండి.

ఈటె వైపు కూడా దొంగలున్నారు. గార్డెన్, గార్లాండ్, గార్మెంట్ ఫ్రెంచ్ దారిన వచ్చినవి, వాటిలో ఈటె లేదు. ఎడ్గర్ పేరులో ఉంది: సంపద, ఈటె. అన్నిటికన్నా బాగా దాక్కున్నది ఆగర్, అదే బరమా. పాత రూపం 'నఫొగార్': చక్రం నాభి, ఈటె. నాభికి తొర్ర తొలిచే పనిముట్టు. మన నాభి, వాళ్ల నఫు ఒకే పాత వేరు నుంచి వచ్చినవి. మధ్య ఇంగ్లిష్‌లో 'ఎ నాగర్' అనేది 'ఎన్ ఆగర్' అని విడిపోయి మొదటి నకారం ఊడిపోయింది. ఇలాంటివి ఒకటో మెట్టు సరిగ్గా ఎక్కినవాళ్లకే దొరుకుతాయి.

7. పక్కింటి భాషల్లో అడగండి

జర్మన్‌లో లౌఖ్, పాత నార్స్‌లో లౌక్ర్: రెండూ ఉల్లి జాతికే. నార్స్‌లో గేర్‌లౌక్ర్ అంటే సరిగ్గా ఈటె ఉల్లి. స్వీడిష్‌లో వెల్లుల్లిని వీట్‌లోక్ అంటారు, తెల్ల ఉల్లి, ముక్కకు ముక్క మన వెల్లుల్లే. అయితే తెలుగు, స్వీడిష్ చుట్టాలు కావు. ఒకే వస్తువును చూసి రెండు భాషలు విడివిడిగా ఒకేలా పేరు పెట్టాయి. అర్థం కలిసినంత మాత్రాన చుట్టరికం రాదు, ధ్వని లెక్క కూడా కలవాలి. జర్మన్ లౌఖ్‌తో కలుస్తుంది, తెలుగు ఉల్లితో కలవదు.

ఈ మెట్టుకు ప్రత్యామ్నాయం లేదు. పక్క భాషల నిఘంటువులు అందుబాటులో లేకపోతే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వ్యుత్పత్తి భాగంలో ఇచ్చిన జోడీలనైనా రాసుకోండి.

8. మాటను వాక్యంలో చూడండి

నిఘంటువు అర్థం చాలదు. చాలా మొక్కల పేర్లు లాటిన్ మాట పక్కన రాసిన టీకల్లోనే దొరుకుతాయి. టీక రాసినవాడు లాటిన్ మొక్కను సరిగ్గా గుర్తించాడన్న హామీ లేదు. అందుకే వాడుక చూడాలి.

దీనికి మంచి ఉదాహరణ బాల్డ్ వైద్యగ్రంథం, పదో శతాబ్దపు రాతప్రతి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో కంటి కురుపుకు ఒక మందు: క్రోప్‌లేఅక్, గార్‌లేఅక్ సమపాళ్లలో తీసుకుని కలిపి నూరాలి. ద్రాక్షసారా, ఎద్దు పిత్తం కలపాలి. ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచి, గుడ్డలో వడగట్టి, రాత్రిపూట ఈకతో కంటికి పెట్టాలి. 2015లో నాటింగ్‌హామ్ పరిశోధకులు దీన్ని తయారుచేసి, మందులకు లొంగని స్టాఫ్ బాక్టీరియా మీద ప్రయోగశాలలో పరీక్షిస్తే గట్టిగా పనిచేసింది. (ఇంట్లో చేసి కంట్లో పెట్టుకోకండి.) మనకు పనికొచ్చే సంగతి వేరే. ఇందులో గార్‌లేఅక్ వెల్లుల్లి అన్నది ఖాయం. క్రోప్‌లేఅక్ ఉల్లిగడ్డా, కాడల ఉల్లా అన్నది తేలదు. అందుకే పరిశోధకులు రెండింటితోనూ వేర్వేరుగా చేసి చూశారు. మీరూ అంతే చేయండి: ముక్క కుటుంబానికి చెందిందన్నది 'ఖాయం', మొక్క ఏదన్నది 'సందేహం'. ఈ రెండు తీర్పులనూ విడిగా రాయండి, ఒకటి తేలలేదని రెండోదాన్ని చెడగొట్టకండి.

తరచుగా చేసే తప్పులు

ఇప్పటి మాట పాత మాటకు వారసురాలని అనుకోవడం. ఆనియన్ చూడగానే ఇన్నెలేఅక్ బిడ్డ అనిపిస్తుంది. కాదు. ఇన్నెలేఅక్ చచ్చిపోయింది. ఆనియన్ ఫ్రెంచ్ ద్వారా తర్వాత వచ్చింది. రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దారుల్లో ఇంగ్లండ్ చేరాయి.

మధ్య ఇంగ్లిష్ సమాసాన్ని పాత ఇంగ్లిష్ ఖాతాలో వేయడం. ఇంటి కప్పుల మీద పెంచే హౌస్‌లీక్‌లో ఉన్నది ఈ లేఅకే, కానీ పాత ఇంగ్లిష్‌లో ఆ మొక్కను 'హామ్‌విర్ట్', ఇంటి మొక్క, అనేవారు. కాలం గడి నింపకుండా వదిలేస్తే ఇలాంటి పొరపాటు పట్టుబడదు. పైగా అది ఉల్లి జాతి కూడా కాదు. పేరులో ముక్క ఉన్నంత మాత్రాన మొక్క జాతి కలవదు.

అందమైన కథను సాక్ష్యం అనుకోవడం. కథ ఎంత నచ్చితే అంత జాగ్రత్తగా పాత రూపం అడగండి.

ఫలితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

'ఖాయం' అని రాసిన ప్రతి పేజీనీ నాలుగు ప్రశ్నలు అడగండి. పాత రూపం నిజంగా రాతలో ఉందా, నక్షత్రం గుర్తు లేదా? రెండు ముక్కలూ విడిగా మాటలేనా? ఒక్కో ధ్వని మార్పుకూ అదే మార్పు జరిగిన ఇంకో మాటను చూపగలరా, లీక్‌కు చీక్‌లా, గోర్‌కు స్టోన్‌లా? రెండు స్వతంత్ర నిఘంటువులు ఒప్పుకుంటున్నాయా? ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసిన నెట్ పేజీలు రెండు ఉన్నా ఒక్కటిగానే లెక్క. నాలుగింటిలో ఏది తప్పినా తీర్పు 'సందేహం'కు దిగాలి.

సొంతంగా చేసి చూడటానికి ఇంకో కుటుంబం

'హ్లాఫ్' తీసుకోండి, అర్థం రొట్టె. లోఫ్, లార్డ్, లేడీ, లామస్ (ఆగస్టు 1 పండుగ), ల్యాంబ్: ఈ ఐదింటినీ పై మెట్ల మీద నడిపించండి. చూడకుండా చేశాక కిందివాటితో పోల్చుకోండి.

లోఫ్: హ్లాఫ్. మొదటి హ్ రాలిపోయింది, దీర్ఘ 'ఆ' స్టోన్ దారిలోనే 'ఓ' అయింది. ఖాయం.
లార్డ్: హ్లాఫ్‌వెఅర్డ్, రొట్టెకు కావలివాడు. అది 'హ్లాఫొర్డ్'గా, తర్వాత 'లవెర్డ్'గా మారి నడిమి వ్ కూడా అరిగిపోయింది. ఖాయం.
లేడీ: హ్లాఫ్‌డిగె. వెనక ముక్క పిండి పిసికే ఆమెను సూచిస్తుంది, డో అనే పిండిముద్ద మాటకు చుట్టం. ఆ ముక్క విడిగా ఎక్కడా దొరకదు కాబట్టి రెండో ప్రశ్నలో తడబడుతుంది. ముందు ముక్క ఖాయం, వెనక ముక్క పండితులు సాధారణంగా ఒప్పుకున్నది అని విడగొట్టి రాయండి.
లామస్: హ్లాఫ్‌మాసె, కొత్త పంట రొట్టెతో చేసే ప్రార్థన. ఖాయం.
ల్యాంబ్: లామస్ పక్కన కూర్చోబెట్టాలని చాలామంది చూస్తారు. పాత రూపంలోనూ అది గొర్రెపిల్లే, మొదట హ్ ఎప్పుడూ లేదు. కాదు.